ఐసు గదిలో కచేరీ

మే 4, ఆదివారం

ఇవాళ మళ్ళీ అదే మాట. గిన్నెలు తుడుస్తూ కూనిరాగం తీస్తున్నాను. వెనకనుంచి అమ్మ అక్కతో అంటోంది: "విన్నావా, చిన్నదానికి మనసు బాగున్నట్టుంది. ఫ్యాక్టరీ పోతోందని మనందరం మొహాలు వేలాడేసుకుని కూర్చుంటే దానికి చీకూ లేదు, చింతా లేదు."

నాకు భయం వేసినప్పుడే రాగం వస్తుంది. ఇన్నేళ్ళుగా ఒకే కప్పు కింద ఉన్నాం, ఒక్కరికీ తెలియదు. పరీక్ష ఫలితాల రోజు పాడాను, "ధీమా చూడు" అన్నారు. ఉద్యోగం మానేసి పెట్టె పట్టుకుని మెట్లెక్కుతూ పాడాను, "సిగ్గన్నా లేదు" అన్నారు. తాతయ్య పోయిన రోజు పాడితే పెదనాన్న చెయ్యెత్తాడు, అమ్మ అడ్డం వచ్చి "చిన్నపిల్ల, దానికేం తెలుసు" అంది. తెలియనిదల్లా వాళ్ళకే.

ఇవాళ ఎందుకంటే, అన్నాల దగ్గర నాన్న బుడ్డి గడ్డం పట్టుకుని నోరు తెరవమన్నాడు. కింది వరసలో ముందుపన్ను వేలితో కదిపి చూశాడు. "ఆడుతోందే!" అని ఎంత సంబరపడ్డాడో. మా ఐసు ఫ్యాక్టరీ అమ్మకం బేరం కుదిరిన రోజు నుంచి ఆ మొహంలో నవ్వు చూడలేదు.

బుడ్డి అక్క కూతురు. ఆరేళ్ళు. సెలవులకి వచ్చింది. అది నోరు తెరుచుకునే అందరివంకా చూసి నవ్వింది.

నేను లేచి గిన్నెల దగ్గరికి పోయాను.

మే 5, సోమవారం

కాలేజీలో ఒకసారి మా ఇంటి పద్ధతి గురించి స్నేహితురాలికి చెప్పాను. మొదట నవ్వింది. తర్వాత నవ్వడం మానేసి, "నిజంగానా?" అంది. అప్పటిదాకా నేను దాన్ని నవ్వాల్సిన సంగతి అనే అనుకున్నాను.

పద్ధతి ఇదీ. మొదటి పాలపన్ను ఊడగానే ఇంట్లో పిల్లని ఐసు గదిలోకి పంపి తలుపు వేస్తారు. దీపం తీసేస్తారు. లోపలి పిల్ల తాతయ్య కట్టిన పాట పాడాలి. నాలుగే పాదాలు:

గడ్డా గడ్డా గాజు గడ్డా
గడప దాటితే నీళ్ళ బిడ్డా
ఎండొచ్చిందా, ఏమైపోతావ్?
ఏరైపోతా, తలుపు తియ్!

"తలుపు తియ్" అనగానే బయటివాళ్ళు గడియ ఎత్తుతారు. అంతే. ఐసు మీద బతికేవాళ్ళు ఐసుకి భయపడకూడదని తాతయ్య పెట్టిన రూలు. ఆయనదే ఇంకో రూలు: గడియ దగ్గర నిలబడాల్సింది అంతకుముందు లోపలికి వెళ్ళొచ్చిన పిల్ల. పాట అయ్యేదాకా తలుపు వదిలి అడుగు కదలకూడదు. నాన్నకి పెదనాన్న నిలబడ్డాడు. నాకు అక్క నిలబడింది. నా తర్వాత ఇంట్లో పిల్లలు లేరు.

అంటే బుడ్డికి నేను.

మే 6, మంగళవారం

నాన్న ఆఫీసు గదిలోకి పిలిచాడు. బల్ల మీద ఆ పాత నల్ల టెలిఫోను ఇంకా ఉంది, డయలుకి చిన్న తాళం కప్పతో సహా. తీగ ఎప్పుడో తీసేశారు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ దాన్ని గుడ్డతో తుడుస్తూనే ఉన్నాడు.

"ఇరవై అయిదు ఆదివారం అందర్నీ రమ్మన్నాను. సోమవారం మిషను ఆపేస్తాం, మంగళవారం కొన్నవాళ్ళు గోడలు కొట్టేస్తారు. ఈలోగా దాని పన్ను ఊడిందా, ఆ గదిలో ఆఖరు పాట నా మనవరాలిదే. గడియ నీది."

"సరే నాన్నా" అన్నాను.

కాదు అని అనాలనుకుంటే నోట్లోంచి సరే వచ్చింది. గడప దాటేసరికి పాడుతున్నాను.

"అదీ!" అన్నాడు వెనకనుంచి, సంతోషంగా.

మే 8, గురువారం

పెదనాన్న టీకి వచ్చాడు. ఉండేది పక్క వీధిలో, టీ మాత్రం ఇక్కడే. బుడ్డిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని మొదలెట్టాడు.

"మీ పిన్నిని కచేరీ అని ఎందుకంటామో తెలుసా?"

"పాడుతుందిగా!"

"అట్లా ఇట్లానా! ఒక్క పాట పాడి వచ్చెయ్యవే అంటే ఇది సభ పెట్టేసింది. పాడుతుంది, పాడుతుంది, పాడుతూనే ఉంది. మీ అమ్మ బయట నిలబడి నిలబడి కాళ్ళు పీక్కుపోయి ఒకటే ఏడుపు. మేం పోయి తలుపు తీస్తే, ఐసు దిమ్మల మధ్యలో ఇంత మనిషి, పెదాలు సిరా పూసినట్టు, అప్పుడు కూడా ఆపదే! టిక్కెట్లు పెట్టుంటే ఆ వేసవి ఐసు అమ్మే పనే ఉండేది కాదు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఈ కథలో ఎక్కడ నవ్వాలో వాళ్ళకంటే నాకే బాగా తెలుసు. అక్క ఒక్కతే గ్లాసులు తీయడానికి లేచింది. ఎప్పుడూ సరిగ్గా ఆ చోటికే లేస్తుంది, గ్లాసుల్లో టీ ఉన్నా.

"పిన్నీ, నీకు భయం వెయ్యలేదా?" అని అడిగింది బుడ్డి.

"దానికా?" అన్నాడు పెదనాన్న.

అడిగింది నన్ను. జవాబు చెప్పింది ఆయన.

మే 9, శుక్రవారం

పన్ను ఇంకా ఉంది. బుడ్డికి అన్నం మెత్తగా పిసికి ముద్దలు చేసి పెట్టాను, గట్టివేవీ కొరకనివ్వలేదు. అమ్మ చూసి మురిసిపోయింది. "పిల్లకి ముద్దలు పెట్టడం కూడా వచ్చేసిందే. ఇంక పెళ్ళికి ఊ అంటావన్నమాట."

మే 10, శనివారం

ఇల్లంతా పాతరోజుల మీద పడింది. ఏ మూల చూసినా ఇద్దరు కూర్చుని "గుర్తుందా" అంటున్నారు.

నాకూ గుర్తుంది. లేదని ఎలా అంటాను? మా ఇంటి వెనకగోడా ఫ్యాక్టరీ గోడా ఒకటే. మిషను చప్పుడు లేకుండా మాకు నిద్ర పట్టేది కాదు. అది ఆగితే ఇల్లంతా ఉలిక్కిపడి లేచి కూర్చునేది. ఫ్రిజ్‌లు లేని రోజులు. పొద్దున్నే మా గేటు ముందు మనుషులు కాదు, బకెట్లు వరసలో ఉండేవి. బకెట్టు పెట్టేసి ఇంటికి పోయి మొహం కడుక్కుని వచ్చేవాళ్ళు. సోడాలవాళ్ళు, చేపల బండివాళ్ళు, పెళ్ళివాళ్ళు. ఎవరైనా ఇంట్లో మనిషి చనిపోయి ఐసు కోసం వస్తే ఎవరూ ఏమీ అడగకుండానే ఆ బకెట్టుని కాళ్ళతో ముందుకి జరిపేవాళ్ళు. దిమ్మ పెద్దది తూచకుండా ఇచ్చేవాడు తాతయ్య.

ఉప్పునీళ్ళ తొట్టిలోంచి ఐసు కట్టిన డబ్బా పైకి లాగడం, నీళ్ళు కొట్టగానే దిమ్మ సబ్బుముక్కలా జారి బయటికి రావడం, దాని నడుమ తెల్లటి ఈక లాంటి గీత. గడప మీద కూర్చుని ముక్కలు చప్పరించేవాళ్ళం. గోనెపట్టా వాసన, తడిసిన రంపపుపొట్టు వాసన. మధ్యాహ్నం ఎండకి వీధి మండిపోతుంటే మా పాదాలు మాత్రం చల్లగా ఉండేవి. బడిలో పిల్లలు నాతో స్నేహానికి పోటీ పడేవాళ్ళు.

ఇదంతా నిజమే. ఎంత బాగుండేదో. అందుకే మిగతాది ఎవరికీ చెప్పాలనిపించదు. అంత చల్లటి మంచినీళ్ళలో ఒక్క చుక్క కిరసనాయిలు వేసినట్టు ఉంటుంది.

మే 11, ఆదివారం

ఆలోచించాను. ఇందులో ఇంత గాభరా పడాల్సింది ఏముంది? నాలుగు పాదాలు. నేనూ బయటికి వచ్చాను. చదువుకున్నాను. బాగానే ఉన్నాను. ఈత నేర్పకుండా నీళ్ళలోకి తోస్తే తప్పు, నేర్పి దింపితే తప్పేముంది? అందుకని మధ్యాహ్నం మంచం మీద కూర్చోబెట్టి బుడ్డికి పాట నేర్పాను. రెండుసార్లకే పట్టేసింది.

"తలుపు తియ్ అంటే తీస్తావా పిన్నీ?"

"వెంటనే."

"నీకు వినపడకపోతే?"

"చెవి తలుపుకే ఆనించి ఉంటా."

"చెవికి జలుబు చేస్తే?"

"చెవికి జలుబు చెయ్యదమ్మా."

"నువ్వు బాత్రూంకి వెళ్తే?"

"వెళ్ళను. కదలకూడదు. రూలు."

"చాలా అర్జెంటైతే?"

"లాయరు గారూ, ఇంక పడుకుంటారా?"

కిలకిలా నవ్వింది. దానికేం భయం లేదు. నా భయం దానికి అంటించకపోతే చాలు. నా చిన్నప్పటి స్వెటరు అటక మీద ఉండాలి, రేపు తీసి ఎండలో వేస్తాను.

మే 13, మంగళవారం

ఎవరూ లేనప్పుడు వెళ్ళి చూశాను. ఎన్నేళ్ళయిందో ఆ గదివైపు వెళ్ళి. చిన్నగా ఉంది. అంత పెద్దదనుకున్న తలుపు నా తలకంటే జానెడు ఎత్తు, అంతే. చెక్క లోపల బెండు కూరిన మందపాటి తలుపు. బయట పొడుగాటి ఇనప గడియ. లోపలివైపు ఒక ఇనప బుడిపె ఉండాలి, నొక్కితే బయటి గడియ లేస్తుంది. అది విరిగి ఉంది. నా చిన్నప్పుడూ విరిగే ఉంది. "అందుకే కదా బయట మనిషిని పెట్టేది" అనేవాడు నాన్న.

గడియ వేసి తీసి చూశాను. బాగానే తెరుచుకుంది.

అయితే భయపడాల్సిందేమీ లేదు. రాసుకుంటున్నాను, మర్చిపోకుండా ఉండటానికి: భయపడాల్సిందేమీ లేదు.

మే 14, బుధవారం

స్వెటరు దొరికింది. చేతి దగ్గర అల్లిక ఊడింది. దాన్ని కుడుతూ కూర్చుంటే ఆ రోజు అంతా కళ్ళ ముందుకి వచ్చేసింది.

తలుపు పడింది. చీకటి నల్లగా ఉండలేదు, తెల్లగా ఉంది, ఎలాగో చెప్పలేను. మిషను చప్పుడు లోపల గోడల్లోంచి వస్తుంది, బయటి మాట ఒక్కటీ రాదు. ముక్కు మండే గ్యాసు వాసన. పాట పాడాను. గట్టిగా, నాన్న మెచ్చుకునేలా. "తలుపు తియ్" అన్నాను.

తీయలేదు.

సరిగ్గా పాడలేదేమో అనుకున్నాను. మళ్ళీ పాడాను. తీయలేదు. మూడోసారి కూడా. చేత్తో తలుపు తట్టాను, అరచెయ్యి ఇనప పట్టీకి అంటుకుంది. లాగితే చర్మం వచ్చింది. అప్పుడు ఒక సంగతి అర్థమైంది, ఆరేళ్ళ బుర్రకి అర్థమైనట్టు: "తలుపు తియ్" అంటే తీయడం లేదు. అనకపోతేనే నయం. అడగకపోతే, వాళ్ళు తీయలేదు అనేది కూడా ఉండదు కదా. మూడు పాదాలు పాడి మొదటికి వచ్చేదాన్ని. గడ్డా గడ్డా గాజు గడ్డా. గడప దాటితే నీళ్ళ బిడ్డా. ఎండొచ్చిందా, ఏమైపోతావ్. గడ్డా గడ్డా గాజు గడ్డా.

కాళ్ళు ఉన్నట్టు తెలియలేదు. నిద్ర వచ్చింది. నిద్రపోతే పాట ఆగిపోతుంది, ఆగితే ఇక్కడ నేనున్నానని ఎవరికీ గుర్తుండదు.

తలుపు తెరుచుకున్నప్పుడు వెలుతురు, వెలుతురులో మొహాలు, అన్నీ నవ్వుతున్నాయి.

అరచేతిలో ఆ మచ్చని ఇంట్లో అందరూ సైకిల్ మీంచి పడ్డప్పటిది అంటారు. సైకిల్ తొక్కడం నాకు ఇప్పటికీ రాదు.

మే 16, శుక్రవారం

అక్క డాబా మీద బట్టలు ఆరేస్తోంది. క్లిప్పులు అందిస్తూ అడిగేశాను.

"అక్కా, ఆ రోజు ఏమైందే?"

"ఏ రోజు?"

ఆమె దుప్పటి దులిపి తీగ మీద వేసింది. అది మా మధ్య పడింది. అంచు సర్దుతున్న వేళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి.

"గడియ రాలేదే" అంది దుప్పటి అవతలనుంచి.

దుప్పటికి దగ్గరగా జరిగాను.

"మంచు పట్టేసింది. లాగాను. వేలాడాను. రెండు కాళ్ళూ తలుపుకి తన్ని పెట్టి లాగాను. నువ్వు తలుపు తియ్ అన్నావు, విన్నాను. మళ్ళీ అన్నావు. ఇంకోసారి అన్నావు. తర్వాత అనడం మానేశావు."

"నాన్నని పిలవచ్చుగా?"

"తలుపు వదిలి కదలకూడదుగా."

ముప్ఫై ఏళ్ళ మనిషి. పదేళ్ళ పిల్ల గొంతు.

"అరిచాను. మిషను పక్కన నా అరుపు ఎవరికి వినపడుతుంది? నాన్న గేటు దగ్గర లారీతో ఉన్నాడు. పరిగెత్తితే ఎంతసేపు, ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు... నేను కదిలితే రూలు తప్పినట్టు, రూలు తప్పితే నీకేదో అవుతుందని. వాళ్ళు వచ్చేదాకా చెవి తలుపుకి పెట్టి కూర్చున్నా. పాట వినపడుతున్నంతసేపూ నువ్వు ఉన్నట్టే కదా. ఆపకే, ఆపకే అని మొక్కుకున్నా."

తాతయ్య ఆ రూలు పెట్టింది పిల్లల్ని మర్చిపోకూడదనే. ఆ రూలు వల్లే అక్క పది అడుగులు వెయ్యలేకపోయింది. లోపల నేను ఆపితే మర్చిపోతారని పాడాను. బయట అక్క ఆ పాట ఆగిపోతుందేమోనని కూర్చుంది. ఇద్దరం ఒకే తలుపుకి చెరోవైపు.

"మరి బుడ్డిని ఎలా పంపుతున్నావే?"

క్లిప్పు కోసం చెయ్యి చాపింది. ఇచ్చాను.

"నాన్న మొహం చూశావా ఈ నెలలో? కాదని నేను చెప్పలేను. అయినా గడియ దగ్గర నువ్వుంటావుగా. నువ్వు కాబట్టే ఒప్పుకున్నా."

మే 17, శనివారం

గడియ దగ్గర నేనుంటాను కదా. నేనుంటాను.

13న ఒకటి రాయలేదు. గడియ మొదటిసారి రాలేదు. రెండోసారీ రాలేదు. పక్కనున్న ఇటుకతో కొడితే వచ్చింది.

మే 18, ఆదివారం

నాన్న తొట్టి దగ్గర ఒక్కడే డబ్బాలు లాగుతున్నాడు. పనివాళ్ళని ఒక్కొక్కరినే పంపేస్తున్నాడు, ఇంక ఇద్దరే మిగిలారు. కొక్కెం అందుకుని రెండో వైపు పట్టుకున్నాను.

"నాన్నా, ఐసు గది తలుపు రబ్బరు చిరిగిపోయింది. చలి బయటికి కొడుతోంది. గడియ మీద మంచు పేరుకుంటోంది."

"వారం రోజుల ముచ్చటకి రబ్బరు ఎవడు మారుస్తాడే? సుత్తి పక్కన పెడతాలే."

సుత్తి.

"ఆ రోజు కూడా సుత్తితోనే తీశారా?"

దిమ్మ జారి పలక మీద పడింది. దాని మీద గోనె కప్పి, నింపాదిగా చేతులు తుడుచుకుని అప్పుడు చెప్పాడు.

"మీ అక్క చెప్పిందా? పిచ్చిది. ఆ రోజు దాన్ని చూసుంటే తెలిసేది నీకు. నా వల్లే చెల్లి, నా వల్లే చెల్లి అని వణికిపోతోంది. నువ్వేమో లోపల పాడుకుంటున్నావు. చూడవే, అది కచేరీ పెట్టింది, ఒక పట్టాన రాదు, నీ తప్పేముంది అన్నాను. నవ్వింది. అది నవ్విందని అందరం నవ్వాం. ఆ కథ అట్లా ఉండిపోయింది. మంచిదేగా? దానికి తప్పు చేశానన్న బాధ లేదు, నీకు భయపడ్డానన్న బాధ లేదు."

"నేను భయపడలేదని ఎవరు చెప్పారు నాన్నా?"

"పాడావుగా!"

"భయమేసే పాడాను."

నావంక చూశాడు. కొత్తమనిషిని చూసినట్టు, ఒక్క క్షణం. ఇప్పుడు అర్థమవుతుంది అనుకున్నాను.

"అయితే మంచిదేగా" అన్నాడు, నా తల నిమిరి. చెయ్యి చల్లగా తడిగా ఉంది. "భయమేసినప్పుడు ఏడవకుండా పాడటం వచ్చిందంటే ఇంకేం కావాలి మనిషికి? అదే మా నాన్న నేర్పాలనుకుంది."

తర్వాత గొంతు తగ్గించాడు. "ఆ గోడలు పోతాయే. మా నాన్న చెయ్యి పడ్డది ఒక్కటీ మిగలదు. ఒక్కసారి ఆ తలుపు వెనకనుంచి మన పిల్ల గొంతు వినాలి. ఇంకేమీ అడగను మిమ్మల్ని."

కొక్కెం ఆయన చేతికిచ్చి వచ్చేశాను. ఆయన చెడ్డవాడైతే ఎంత తేలికగా ఉండేది!

మే 19, సోమవారం

సుత్తి ఉంటుంది. నేనుంటాను. నాన్న ఉంటాడు. అందరూ ఉంటారు. ఏమీ కాదు.

మే 20, మంగళవారం

మధ్యాహ్నం కరెంటు పోయింది. వంటింటి పక్క సామాన్ల గదిలోంచి చాప తెమ్మని అమ్మ బుడ్డిని పంపింది. పగలే, కానీ ఆ గదికి కిటికీ లేదు. నేను హాల్లో ఉన్నాను. లోపలనుంచి పాట వినిపించింది.

గడ్డా గడ్డా గాజు గడ్డా. గడప దాటితే నీళ్ళ బిడ్డా. ఎండొచ్చిందా, ఏమైపోతావ్. గడ్డా గడ్డా గాజు గడ్డా.

"చూశావా, అచ్చు పిన్ని పోలిక!" అంది అమ్మ. "ఎంత హుషారో!"

నేను లేచి వెళ్ళాను. చాప చంకలో ఇరికించుకుని గోడకి వీపు ఆనించి నిలబడి ఉంది. రెండు పిడికిళ్ళూ గౌను అంచుని పట్టుకున్నాయి. నన్ను చూడగానే పాట ఆపి నవ్వింది. పెద్దవాళ్ళకి చూపించే నవ్వు.

నాలుగో పాదం వదిలెయ్యమని నేను చెప్పలేదు. నాలుగూ నేర్పాను.

నేర్పాను కదా? నేర్పేటప్పుడు నేనే అక్కడ ఆగిపోయేదాన్నేమో. గుర్తు రావడం లేదు.

మే 22, గురువారం

అన్నాల దగ్గర నాన్న అన్నాడు: "శనివారం దాకా చూద్దాం. ఊడకపోతే సాయంత్రం దారం కట్టి ఒక్క లాగు లాగేస్తా. చీమ కుట్టినట్టు కూడా ఉండదు."

బుడ్డి తల ఊపింది. నోరు తెరవలేదు. పెరుగన్నం కూడా పెదాల సందులోంచి లోపలికి తోసుకుంటోంది.

"దీనికి అలకేమిటే?" అంది అమ్మ.

"ఎండకి నీరసం" అంది అక్క.

అందరూ ఏదో ఒకటి చెప్పారు. నేను దాని నోటివైపే చూస్తున్నాను.

మే 23, శుక్రవారం

మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే బుడ్డిని డాబా మెట్ల మీదికి తీసుకెళ్ళాను. నీడలో కూర్చున్నాం.

"ఆ అను."

తల అడ్డంగా ఊపింది.

"ఎవరికీ చెప్పనులే. ఆ అను."

తెరిచింది. కింద ముందు చిన్న కిటికీ. చిగురు ఎర్రగా ఉంది.

"ఎప్పుడు?"

"మొన్న." 'న' అన్నప్పుడు నాలుక ఆ సందులోకి పోయింది. దానికే ఆశ్చర్యం వేసి నాలుకతో తడుముకుంది. "పడుకుని లేచేసరికి నోట్లో ఉంది పిన్నీ."

"ఏం చేశావ్?"

గౌను జేబులోంచి రుమాలు తీసింది. మూలకి ముడి వేసి ఉంది. గట్టి ముడి, పళ్ళతో లాగి బిగించినట్టుంది. ఆ ముడిలో పన్ను, బియ్యపు గింజంత.

"తాతకి చెప్పకు. పెట్టేస్తే మళ్ళీ అతుక్కుంటుందేమోనని రోజూ పెట్టి చూస్తున్నా. నిలబడటం లేదు."

దాన్ని ఒళ్ళోకి లాక్కున్నాను. ఇంత వేసవిలోనూ దాని చేతులు చల్లగా ఉన్నాయి.

"ఐసు గదిలోకి వెళ్ళడం ఇష్టం లేదా?"

"ఇష్టమే" అంది వెంటనే. చక్కగా, బడిలో పద్యం అప్పజెప్పినట్టు. రుమాలు మళ్ళీ ముడి వేస్తూ, "ఇష్టం లేదంటే తాత ఏడుస్తాడు. అమ్మ చెప్పింది."

మెట్ల కింద ఫ్యాక్టరీ మిషను కొట్టుకుంటూనే ఉంది. నాకు పాట రాలేదు. ఇంత భయం నాకు ఆ గదిలో కూడా వెయ్యలేదేమో.

మే 24, శనివారం, మధ్యాహ్నం

పొద్దున్నుంచీ దారులు వెతికాను. పన్ను దాచెయ్యొచ్చు, కానీ సాయంత్రం నాన్న దారం పట్టుకొస్తాడు, నోరు తెరిపిస్తాడు. బుడ్డికి జ్వరం అనొచ్చు. బుడ్డిని తీసుకుని ఏదో బస్సు ఎక్కెయ్యొచ్చు. తలుపు రబ్బరు ముక్క కొనుక్కొచ్చి నేనే అతికించి, గడియకి గ్రీజు పూసి, అంతా సవ్యంగా ఉందని నాకు నేను చెప్పుకోవచ్చు. ఆఖరిది అన్నిటికంటే ఎక్కువసేపు ఆలోచించాను. గ్రీజు డబ్బా చేతిలో పట్టుకుని ఐసు గది దాకా వెళ్ళాను కూడా. గడియ మీద ఇవాళ మంచు వేలి మందం ఉంది. గోటితో గీకాను. గీకిన చోట నేను చూస్తుండగానే మళ్ళీ తెల్లబడింది.

ఒకవేళ గడియ వెన్నలా జారి తెరుచుకున్నా, బుడ్డి బయటికి వస్తుంది, అందరూ చప్పట్లు కొడతారు, అది ఆ పెద్దవాళ్ళ నవ్వు నవ్వుతుంది. దానికీ ఒక కథ తయారవుతుంది. ఇరవై ఏళ్ళు అది ఆ కథకి నవ్వాలి.

అక్కని వంటింట్లోకి పిలిచి చెప్పాను. రుమాలు ముడి విప్పి చూపించాను. స్టవ్ కట్టేసి నేల మీద కూర్చుండిపోయింది.

"నాన్న..." అంది.

"నాన్న సంగతి నేను చూసుకుంటా."

"నువ్వు నాన్న ముందు నోరు తెరవగలవా? పాట అందుకుంటావు."

"అందుకుంటే పాడుతూనే చెప్తా."

ఏడుస్తూనే నవ్వింది. తర్వాత పన్ను నా చేతిలోంచి తీసుకుంది. గట్టిగా పట్టుకుంది. "నేను నీ పక్కన ఉంటా. మాట్లాడలేనేమో. ఉంటా" అంది.

చాలు.

నాన్న గేటు దగ్గర రేపటికి కుర్చీలు దింపిస్తున్నాడు. కిటికీలోంచి కనిపిస్తున్నాడు. ఒక్కో కుర్చీ తనే తుడుస్తున్నాడు. పెదనాన్న ఏదో జోకు వేస్తున్నాడు. ఇప్పుడే కిందికి వెళ్తాను. ఇద్దరి ముందూ, అమ్మని కూడా పిలిచి చెబుతాను. బుడ్డి పన్ను ఊడింది. బుడ్డి ఆ గదిలోకి వెళ్ళదు. గడియ నేను పట్టుకోను, ఇంకెవరినీ పట్టుకోనివ్వను. ఆ రోజు లోపల ఏం జరిగిందో మొదటినుంచి చెబుతాను, ఎవరు నవ్వినా ఆపను. నాన్న బాధపడతాడు. రేపు ఎవరితోనూ మాట్లాడకపోవచ్చు. మిషను ఆపేటప్పుడు నన్ను దగ్గరికి రానివ్వకపోవచ్చు.

బుడ్డి లోపలికి వెళ్ళదు.